ఆగే పాటకు ఒకటో స్థానం

మొన్న మా మనవరాలు తన ఫోను నా చేతిలో పెట్టి, తాతా, నీకిష్టమైన బృందం పాటలన్నిటికీ ఎవరో వరుస నంబర్లు ఇచ్చారు చూడు అంది. చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. మేము ఒకటో స్థానంలో పెట్టుకున్న పాటను తీసుకెళ్లి నలభై మూడో స్థానంలో పడేశారు. దాని పైన ఏముందంటారు? ఆ బృందంవాళ్లే ఏదో సరదాకి ఈల వేసి వదిలేసిన రెండు నిమిషాల ముక్క! ఎవరయ్యా మీరు, ఎక్కడ కూర్చుని విన్నారు, ఎవరి ఎదుట నిలబడి వాదించారు అని అడుగుదామంటే కింద పేరు లేదు, ఊరు లేదు. ఆ కోపంలో మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు. మనవరాలు నవ్వింది. మీరు నవ్వరని నాకు తెలుసు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

ఆ బృందం పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మీలో సగంమంది ఆ పేరు దగ్గరే ఆగిపోయి మీ సొంత వరుసలు మొదలుపెడతారు. నలుగురు ఇంగ్లీషువాళ్లు, భుజాల దాకా జుట్టు, రెండు గిటార్లు, ఇంట్లో పెద్దవాళ్లను భయపెట్టేంత డ్రమ్ము. అంతవరకు చాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు, ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా తమిళ పట్నంలో, ఉప్పళం అనే పేటలో, ఒక సందు మొదట్లో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది. అప్పటికే సీడీలు వచ్చి క్యాసెట్టు గొంతు నొక్కేశాయి. మా బావ, అంటే మా అక్క మొగుడు, పాడైన క్యాసెట్లు నా దగ్గర సంచుల కొద్దీ పట్టుకెళ్లి వాటి టేపు లాగి మురుంగపాక్కంలో తన వేరుశనగ చేలో కర్రలకు కట్టేవాడు. గాలికి అది తళతళలాడుతూ బుర్రున మోగుతుంటే పిట్టలు వాలేవి కావు. నా వృత్తి మొత్తం చేలో పిట్టలు తోలుతోందని చెప్పి మరీ నవ్వేవాడు. భూమి ఉన్న మనిషి, కాలేజీ గడప తొక్కిన మనిషి, నవ్వక ఏం చేస్తాడు. నేను చదివింది మూడో తరగతి, ఏ వాదన వచ్చినా మా బావ ఆ మాట ఎత్తే ముగించేవాడు. తమిళం బడిలో వచ్చింది. మా ఇంట్లో నాలుగు తరాలుగా మాట్లాడుతున్న తెలుగును మాత్రం రాయడం చదవడం ముప్పై దాటాక, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి నేర్చుకున్నాను. ఇంగ్లీషు, ఆ బృందం పాటల మీద చెవి పెట్టి, డిక్షనరీ మీద వేలు పెట్టి నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు కనుక ఎవరూ నా తప్పులు దిద్దలేదు. దాని ఫలితం ముందు ముందు మీరే చూస్తారు.

ప్రతి ఆదివారం ఉదయం షట్టరు సగం దించి మేము ముగ్గురం కూర్చునేవాళ్లం: నేను, మోపెడ్ మీద వచ్చే మా బావ, ఉద్యోగరీత్యా యానాం నుంచి వచ్చి మా వెనక వీధిలో అద్దెకు దిగిన బడి పంతులుగారు. పంతులుగారు మొదటిసారి రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చి, లోపల మోగుతున్న పాట విని, ఏవండీ, ఇది ఇక్కడ కూడా వింటారాండీ అని అడిగిన మనిషి. ఆ పూటే మావాడైపోయాడు. మా తెలుగు విని ఆయనకు, ఆయన తెలుగు విని మాకు నవ్వొచ్చేది గాని, పాట మొదలైతే ఇద్దరిదీ ఒకటే మౌనం.

మా పద్ధతి ఇది. ఒక పాటను పైకి ఎక్కించాలని ఎవరైనా అడిగితే, ముందు ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా ముగ్గురం నోరు మూసుకుని వినాలి. తర్వాత అడిగినవాడు నిలబడి దాని తరఫున మాట్లాడాలి. ఆపైన రెండు స్టీలు గ్లాసులు పెట్టి, ఎక్కాలి అనుకుంటే ఒకదానిలో, వద్దనుకుంటే రెండోదానిలో ఇత్తడి స్క్రూ ఒకటి వెయ్యాలి. ఓడినవాడు మూల హోటలుకెళ్లి కాఫీ తేవాలి. పాటలకు మేమే పేర్లు పెట్టుకున్నాం, ఎందుకంటే నా క్యాసెట్లు నేను రికార్డు చేసుకున్నవే, వాటికి అట్ట లేదు, అట్ట మీద అచ్చు లేదు. రైలు పాట, వాన పాట, చెక్కభజన పాట, ఆగే పాట. వీటి అసలు పేర్లు తెలిసినవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడవచ్చు. మేము వాళ్లను చూసి జాలిపడేవాళ్లం.

గొడవంతా ఆగే పాట దగ్గరే. ఒకడు తనను విడిచి వెళ్లినామెను తలుచుకుంటూ మెల్లగా మొదలుపెడతాడు. గిటారు ఎక్కుతుంది, డ్రమ్ము ఎక్కుతుంది, గొంతు ఎక్కుతుంది, ఇక ఆమె పేరు పిలవబోతాడు, ఊపిరి కూడా పీలుస్తాడు, అంతే, పాట ఆగిపోతుంది. కత్తిరించినట్టు నిశ్శబ్దం. నాకు ఆ చోట ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. మా బావకు మాత్రం వాన పాటే ఒకటో నంబరు. ఏంది బామ్మర్దీ, కూత పెట్టబోయి గొంతులో కిచ్‌కిచ్ వచ్చినోడిని తీసకపోయి నెత్తిన పెట్టుకుంటా ఉండావు అనేవాడు. ఆయన సంతోషంగా ఉంటే నన్ను తమిళంలో మచ్చాన్ అనేవాడు, ఎగతాళి చెయ్యాలంటే తెలుగులో బామ్మర్దీ అనేవాడు.

రెండేళ్లు రెండు పాటలూ చెరో వారం ఒకటో స్థానంలో ఉండేవి. మేము వరుసను షట్టరు లోపలివైపు సుద్దముక్కతో రాసేవాళ్లం, షట్టరు ఎత్తి దించేసరికి సగం చెరిగేది. చివరికి పంతులుగారే, ఒక పలక మీద రంగుతో శాశ్వతంగా రాయించేద్దామండీ, ఒక్క ఓటు, ఇంక మార్చేది లేదు అన్నాడు. శాశ్వతం అన్న ఆ మాట నన్ను పట్టుకుంది. మీరు నమ్మండి నమ్మకపోండి, నా జీవితంలో నేను దేనికీ పరీక్ష రాయలేదు. ఇది నా పరీక్ష అనిపించింది. నా చెవి నిజమైనదా, మూడో తరగతివాడి చెవేనా అన్నది ఆ ఆదివారం తేలిపోతుంది. మా బావ ఓటు నాకు పడదు. అంతా పంతులుగారి స్క్రూ మీద ఉంది.

వారం రోజులు కూర్చుని ఆరు పేజీలు రాశాను, తెలుగులో. నేను తెలుగులో రాసిన మొదటి రాత అదే. ఏం రాశానంటే, ఆ గాయకుడు ఆమె పేరు పలకకుండా ఆగడమే ఆ పాట ప్రాణం. మనసులో నిజంగా ఉన్న మనిషి పేరు నలుగురిలో నోటికి రాదు. మన ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తుతారా, నా పెళ్లై పాతికేళ్లు దాటింది, నా భార్య ఒక్కసారి నా పేరు పలికి ఎరగదు, ఆమెకు నా మీద లేనిదేముంది. ఎక్కడో పుట్టిన ఆ ఇంగ్లీషువాడికి మన ఉప్పళం మర్యాద ఎట్లా తెలిసిందో గాని తెలిసింది, అందుకే ఆ పాట గొప్పది. ఇట్లా ఆరు పేజీలు. ఆదివారం నిలబడి చదువుతుంటే నా గొంతే నాకు కొత్తగా ఉంది. షట్టరు అవతల నా భార్య టిఫిను డబ్బాతో నిలబడి ఉన్న సంగతి నేను చూడలేదు. నేను ముగించగానే వంగి డబ్బా లోపల పెట్టి, “పేరు చెప్పకపోయేదానికి ఉండేది అదొక్క కారణమేనా ఏంది? మరిచిపోయినా చెప్పలేరు” అని వెళ్లిపోయింది. మా బావ నవ్వి నవ్వి స్టూలు మీద నుంచి పడబోయాడు. పంతులుగారు నవ్వలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుని, స్క్రూ నా గ్లాసులో వేశాడు.

రంగు పని చేసే ఆయనకు తెలుగు రాదు. మా బావకు కూడా తెలుగు చదవడం రాదు. కాబట్టి రైలు పాట, వాన పాట, ఆగే పాట అనే తెలుగు పేర్లన్నీ నీలం పలక మీద తెల్లటి తమిళ అక్షరాల్లో వచ్చాయి. కొట్టుకు వచ్చినవాళ్లు అది చదివి ఒక్క ముక్క అర్థం కాక, అదేం దేవుడి స్తోత్రం అని అడిగేవాళ్లు. ఒక ముసలమ్మ దండం కూడా పెట్టింది. నేను వద్దనలేదు.

అట్లా నాలుగైదు నెలలు నా రాజ్యం నడిచింది. అప్పుడు మా చిన్నాన్న వచ్చాడు. ఆయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడు, అట్లాంటివాళ్లను మా ఊళ్లో సొల్దా అంటారు. రిటైరై ఫ్రాన్సులోనే ఉండిపోయి, రెండు మూడేళ్లకొకసారి వచ్చేవాడు. ఆ బృందాన్ని నాకు చూపించింది ఆయనే. నా కుర్రతనంలో సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిన రికార్డు నుంచే నేను ఆ క్యాసెట్టు చేసుకున్నాను. అందుకని ఆదివారం ఆయన్ను గౌరవంగా తీసుకొచ్చి కుర్చీ వేసి, ఒకటో నంబరు పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతూ విన్నాడు. గొంతు ఎక్కింది, ఊపిరి పీల్చింది, ఆగింది. మా ముగ్గురికీ అలవాటైన ఆ నిశ్శబ్దంలో తలలు వంచుకుని కూర్చున్నాం. ఆయన కళ్లు తెరిచాడు.

“తిప్పు అబ్బయ్యా. టేపు అయిపోయినట్టుండాది.”

పాట అంతేనండీ అన్నాడు పంతులుగారు, మర్యాదగా. అంతేనా, ఇంకా సగం యాడబోయింది అన్నాడు చిన్నాన్న. మర్నాడే తనతో తెచ్చుకున్న సీడీ పట్టుకొచ్చి ఇచ్చాడు గాని, ఆ రాత్రికే నాకు జరిగిందేమిటో తెలిసిపోయింది. నేను ఆ క్యాసెట్టు చేసుకున్న రోజు, రికార్డు సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. ప్లేయరుకు టేపు రికార్డరు తగిలించి కూర్చున్నాను. ఆ రోజే మా అక్కకు పెళ్లిచూపులు. మా బావవాళ్లు బండి దిగగానే మా అమ్మ కేకేస్తే, మజ్జిగ గ్లాసులు మొయ్యడానికి లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి రికార్డు ఆ వైపు ముగిసి ఉంది, టేపూ ఆగి ఉంది. రెండూ ఒకేసారి ముగిశాయనుకుని రెండిటినీ తిప్పి రెండో వైపు మొదలుపెట్టాను. ముప్పై నిమిషాల టేపు, అంటే వైపుకు పదిహేను నిమిషాలే, రికార్డు వైపుకు ఇరవై దాటుతుంది. మెకానిక్కును! జీవితమంతా ఊళ్లోవాళ్ల టేపులు సరిచేసినవాణ్ని!

తర్వాతి ఆదివారం దాచకుండా మొత్తం చెప్పేశాను. దాచి ఉండొచ్చు, సీడీ పోయిందనొచ్చు. అయితే పాట చివరి దాకా వినాలన్న నియమం పెట్టినవాణ్ని నేనే. సీడీ పెట్టాం. ఆగే చోటు వచ్చింది. ఆగలేదు. ఆ పెద్దమనిషి ఊపిరి పీల్చి ఆమె పేరు పిలిచాడు. ఒకసారి కాదు, పాతికసార్లు పిలిచాడు, ఊరంతా వినేట్టు పిలిచాడు, తక్కిన ముగ్గురూ వాడికి వంత పాడారు. ఒక్కొక్క పిలుపుకూ నా ఆరు పేజీల్లో ఒక్కొక్క వాక్యం ఊడి కింద పడుతున్నట్టుంది. నేను పలక వైపు చూడలేదు. మా బావ వైపు అసలు చూడలేదు.

పాట మారింది కాబట్టి మళ్లీ ఓటు వెయ్యాలన్నాడు మా బావ. నేనే గ్లాసులు పెట్టాను, నేనే ముందుగా వద్దనే గ్లాసులో నా స్క్రూ వేశాను. నా పాటకు నేనే వ్యతిరేకం. పంతులుగారు కాస్త తటపటాయించి ఉండనివ్వండీ అని పక్క గ్లాసులో వేశాడు. ఇంక మిగిలింది మా బావ. రెండేళ్లుగా ఎదురుచూసిన అవకాశం ఆయనది. స్క్రూ వేళ్ల మధ్య తిప్పుతూ నన్ను చూసి, “నేను మజ్జిగ తాగినందుకు పాట తెగిందా మచ్చాన్?” అన్నాడు. అవునన్నాను. స్క్రూ తీసుకెళ్లి పంతులుగారి స్క్రూ మీద వేశాడు, ఆగే పాట ఉండాలనే గ్లాసులో.

ఏంది బావా, అది సగం పాట అన్నాను. “అవున్రా. ఆ అరిచేవాడి పాట యాడన్నా పెట్టుకో. మేము ఓటేసింది నువ్వు వినిపించిన దానికి. అది వింటే నాకు ఇప్పుడు నీ ఆరు పేజీలు వినబడతాయి, నేనేం చేసేది? పో, ఓడిపోయినావు, కాఫీ తీసకరా.”

నా పాట గెలిచి నేను ఓడి, హోటలుకు వెళ్లిన ఆ పది అడుగులూ నాకు ఇప్పటికీ గుర్తు. మూడో తరగతి అన్న మాట ఆ తర్వాత మా బావ నోట నేను వినలేదు. చిన్నాన్న మాత్రం తిరిగి వెళ్లే దాకా మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపుతూ ఫ్రెంచిలో ఏదో అనుకున్నాడు.

కొట్టు తర్వాత ఫోన్ల రిపేరు అయింది, ఆ తర్వాత ఇంకెవరిదో అయింది. పంతులుగారు బదిలీ మీద యానాం వెళ్లాడు. మొదట్లో ఉత్తరాలు, తర్వాత ఫోన్లు, ఇప్పుడు ఆయన మనవడి ఫోన్లోంచి దండం బొమ్మలు. మా బావ చెవుల్లో మిషన్లు పెట్టుకున్నాడు. మాటలు వినబడతాయి గాని, పాట పెడితే పెనంలో ఆవాలు వేసినట్టు ఉంటుందట, అందుకని వద్దన్నాడు. వెళ్లినప్పుడు ఇద్దరం అరుగు మీద కూర్చుని వానల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకుంటాం. మంచి కబుర్లే, నవ్వుకుంటాం కూడా.

పాటలకేం, ఇప్పుడు కావలసినన్ని. ఆ బృందం పాడినవీ, పాడబోయి మానేసినవీ కూడా వేలు తగిలిస్తే వస్తాయి, అన్నీ పూర్తిగా, ఎక్కడా తెగకుండా. చెవుల్లో పెట్టుకుని నేనూ వింటాను. ఒక్కోసారి ఏదో ఒక పాట కొత్తగా నచ్చి, దీన్ని ఒకటో స్థానానికి ఎక్కించాలి అనుకుంటాను. ఎక్కిస్తాను. అది ఎక్కి అక్కడే కూర్చుంటుంది. వారం గడిచినా, నెల గడిచినా దాన్ని దించమని అడిగే మనిషి లేడు. అట్లా ఎక్కిన పాట రెండో నెలకు నాకే గుర్తుండడం లేదు.