కలెక్టరమ్మకు చెప్పిన ముచ్చట్లు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన సంబరం ఇంకా గోడల మీది రాతల్లో వెలిసిపోని రోజుల్లో, షాద్‌నగర్‌లోని మా గల్లీ ఒక మహాయుద్ధం చూసింది. ఒకవైపు ఐదంతస్తుల కోట, మరోవైపు రేకుల కొట్టం. నడుమ కన్నీళ్లు, మారువేషం, నమ్మకద్రోహం, చివరికి శత్రువు గుండె కరగడం. ఇది పద్యాల్లో చెప్పవలసిన కథ అని చాలాకాలం అనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే తేలిందేమిటంటే, యుద్ధం ఏమీ లేదు. ఒక బర్రె పాలివ్వనంది, నేను చీర కట్టుకున్నాను. (నమ్మకద్రోహం కూడా లేదు. వరసలో బాగుంటుందని చేర్చాను.)

మా ఇంటి ఎదురుగా ఉన్న జొన్నచేను ఉన్నట్టుండి అపార్ట్‌మెంటు అయింది. పట్నంలో ఇల్లు కొనలేనివాళ్లు కొందరు, పట్నం గాలి పడనివాళ్లు కొందరు అందులోకి వచ్చారు. మా గల్లీలో నడక అంటే ఎక్కడికో పోవడం. వాళ్లు ఎక్కడికీ పోకుండా నడిచేవారు. దీని మీద మా కిరాణం సేటుకు గట్టి అభిప్రాయం ఉండేది. "పొద్దుగాల షూసులేస్కొని ఉర్కుతరు, ఉర్కొచ్చి మళ్ల లిఫ్టెక్కుతరు. గా మెట్లెక్కితే అయిపోవు గదా!" అని, అదే చేత్తో బెల్లం డబ్బా వెనక్కి నెట్టి ఓట్స్ పొట్లాలు ముందు వరసలో పెట్టేవాడు. అభిప్రాయం వేరు, గల్లాపెట్టె వేరు. అపార్ట్‌మెంటు వాళ్లకూ మా మీద అభిప్రాయాలుండేవి. మేము గట్టిగా మాట్లాడతామని, రోడ్డు మీద మంచాలు వేస్తామని, చెత్తబండి వచ్చేదాకా చెత్త దాచుకోవడం మాకు రాదని. అన్నీ నిజమే కాబట్టి మాకు చాలా కోపం వచ్చేది.

ఇరుపక్షాలకూ కావలసినది మాత్రం ఒకటే ఉండేది: మా పక్కింటి అవ్వ పోసే పాలు. అవ్వకు ఒకే ఒక బర్రె. పేరు కలెక్టరమ్మ. రోడ్డు మధ్య నిలబడితే రెండువైపులా బండ్లు ఆగిపోయేవి, హారన్ కొడితే తలతిప్పి చూసేది కాదు, అందుకని ఆ పేరు. దాని దుడ్డె పుట్టిన కొన్నాళ్లకే పోయింది. అప్పటి నుంచి అవ్వ చెయ్యి తగిలితేనే, అవ్వ గొంతు వింటేనే పాలు చేపేది. దుడ్డె ధ్యాస మరిపించడానికి అవ్వ ఒక పద్ధతి కనిపెట్టింది. పిండినంతసేపూ గల్లీ ముచ్చట్లన్నీ దాని చెవిలో వేసేది. ఎవరింట్లో కూర మాడింది, ఎవరి కారు ఎవరి గోడను గీరింది, కొత్తగా దిగిన మూడో అంతస్తు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుంటున్నారా లేదా. గల్లీ విషయాలన్నీ తెలిసిన ప్రాణి ఆ గల్లీలో అదొక్కటే. అది ఎవరికీ చెప్పేది కాదు. ఆ గుణం ఉన్నది కూడా అదొక్కటే.

అపార్ట్‌మెంటు సంఘానికి ఒక సెక్రటరీ సారు ఉండేవారు. పుస్తకాల తెలుగు మాట్లాడేవారు, ఒక చిన్న కుక్కకు స్వెటర్ తొడిగి తిప్పేవారు. పేడ వాసన వస్తోంది, కొట్టం తీయించాలి అని ఆయన ఒక అర్జీ రాయించి అందరిచేతా సంతకాలు పెట్టించారు. సంతకాలు పెట్టిన చేతులే పొద్దున్నే స్టీలు డబ్బాలు పట్టుకొని కొట్టం ముందు వరసగా నిలబడేవి. "అవ్వా, నీళ్లు కలపలేదు కదా?" అని ఒకామె అడిగితే, "నువ్వు సంతకం పెట్టినవు గదా బిడ్డా, నీ పాలల్ల ఇంకు కలిపిన, చూస్కో" అనేది అవ్వ.

ఇలా సాగుతుండగా ఒకరోజు పొద్దున అవ్వ కొట్టంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పట్నం దవాఖానకు తీసుకుపోతే చెయ్యి కోసి రాడ్ వేయాలన్నారు. కోడలు తోడుగా ఉండిపోయింది. కొడుకు, అంటే ఆటో నడిపే మా కాక (వరసకు చిన్నాన్న), బర్రెను చూడటానికి తిరిగొచ్చాడు. మర్నాటి పొద్దుకల్లా కలెక్టరమ్మ పొదుగు రాయిలా గట్టిపడింది. కాక కూర్చుంటే తన్నింది. మా అమ్మ కూర్చుంటే వాసన చూసి తన్నింది. (అమ్మ దీన్ని ఇప్పటికీ అవమానంగానే భావిస్తుంది.) మధ్యాహ్నానికి కాక తల పట్టుకొని మా గడపలో కూలబడ్డాడు.

"బేరగానికి ఫోన్ జేసిన వదినా. రేపు పొద్దుగాల వస్తడు. ఇయ్యాల సాయంత్రం పిండితే సరే, లేకుంటే పొదుగు చెడిపోతది, బర్రె దక్కది. ప్రాణం బోయేదాని కంటె అమ్ముకునుడు నయం గదా."

"అత్తకు చెప్పినవా?" అడిగింది అమ్మ.

"ఎట్ల చెప్పాలె? కొట్టం ఉత్తగ కనబడితే ఇంట్లకు రాదు వదినా అమ్మ."

అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. నేను అప్పటికి డిగ్రీ ముగించి, ఊరి బయటి ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరి, ప్రతి విషయం మీదా ఒక జోకు వేయడం తప్ప వేరే నైపుణ్యం లేకుండా బతుకుతున్నవాణ్ణి. కానీ బడి రోజుల్లో అవ్వ నాకు సరదాగా పాలు పిండటం నేర్పింది. కలెక్టరమ్మ నన్ను అందరికంటే తక్కువ తన్నిన చరిత్ర కూడా ఉంది.

"అవ్వ చీర కట్టుకో, వాసన జూసి ఊకుంటది" అంది అమ్మ.

"అమ్మా, నాకు ఉద్యోగం వచ్చిందే."

"ఉద్యోగానికి ఎవరు కట్టుకొని పొమ్మన్నరు? బర్రె కాడికి పో."

సాయంత్రం అవ్వ గళ్ల చీర ప్యాంటు మీదే చుట్టుకొని, కొంగు తలమీదుగా వేసుకొని బయటికి వచ్చాను. అపార్ట్‌మెంటు బాల్కనీల నిండా టీ కప్పులు. మా వాళ్లు గోడల మీద. ఇంత జనం నా డిగ్రీ పట్టాకు కూడా రాలేదు. అప్పుడే సెక్రటరీ సారు కుక్కతో దిగి, "ఏమిటిది, ఏం జరుగుతోంది ఇక్కడ? అవ్వా... అరె, నువ్వా!" అన్నారు. పిండటానికి నాకు రెండు చేతులూ కావాలి, అవ్వ గొంతు వినిపించే ఫోన్ పట్టుకునేవాడు ఒకడు కావాలి. దవాఖానలో కోడలి ఫోన్‌కు కలిపి, స్పీకర్ పెట్టి, "సార్, జర దాని చెవి దగ్గర పట్టుకోండి" అని ఆయన చేతిలో పెట్టాను. ఆయన పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకూ తెలియదు.

"కలెక్టరమ్మా" అంది అవ్వ గొంతు.

బర్రె చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఫోన్ వాసన చూసింది, సారు చెయ్యి వాసన చూసింది, ద్వారం వైపు మెడ చాచి ఒక్కసారి అరిచింది. అటువైపు అవ్వ మాట ఆగిపోయింది. కాక గోడవైపు తిరిగి పగ్గం సరిచేయసాగాడు. "కాకా, పగ్గం ఇటున్నది" అన్నాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనకపోతే అందరం ఏడ్చేవాళ్లం.

"ఏందే, నా పిల్లలను తన్నుతున్నవంట?" అవ్వ గొంతు సవరించుకుంది. "నిలవడు. ఇను, గీడ నా పక్క మంచమామె ఉన్నది సూడు, రాత్రంత గురక. నీ కంటె ఎక్వ..." ముచ్చట మొదలైంది. నా వేళ్ల కింద పొదుగు మెల్లగా వదులైంది. చెంబులో మొదటి ధార సుర్రుమంది. బాల్కనీల్లో ఎవరో చప్పట్లు కొట్టబోతే పక్కవాళ్లు చెయ్యి పట్టుకున్నారు. "అవ్వా, వార్డంత నీ బర్రె ముచ్చటేనా, జర మెల్లగ" అని నర్సమ్మ గొంతు వినిపించింది. అంతలో ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలిపితే స్విచ్ఛాఫ్.

కలెక్టరమ్మ వెనక కాలు గాలిలోకి లేచింది.

మరో దారి లేక అవ్వ గొంతుతో నేనే మొదలుపెట్టాను. "ఇంటున్నవా బిడ్డా, మన కిరాణం సేటు లేడా, ఓట్సు అమ్ముతడు గని ఆయన పొద్దుగాల జొన్న గట్కే తింటడు." కాలు దిగింది. సేటు గోడమీద నుంచి "థూ నీ యవ్వ" అన్నాడు. సేటు ముచ్చట అయిపోయింది, కాలు మళ్లీ కదిలింది. అవ్వ రోజూ ఎవరి గురించి చెప్పేదో ఆయనే నోటికొచ్చారు. "గా సెక్రటరీ సారున్నడు గదా, ఎండకాలంల కుక్కకు స్వెటరేస్తడు. పాపం కుక్కకు నోరు లేదు, ఉంటే అదీ ఒక అర్జీ పెడుతుండె."

సారు నా నెత్తి మీదే నిలబడి ఉన్నారు. బాల్కనీల్లో నవ్వు పేలింది. రెండో అంతస్తు మేడం వంగి, "లిఫ్టులో పాన్ ఉమ్మేదెవరో కూడా చెప్పు దానికి!" అని అరిచింది. "అది మీ ఆయనేనమ్మా" అని పైనుంచి మరో గొంతు. ఒక్కొక్కరూ తమ సంగతి అందించడం మొదలుపెట్టారు, నేను అవ్వ గొంతులో చెప్పుకుంటూ పోయాను. చెంబు నిండింది, బకెటు వచ్చింది. ఇంకా పొదుగు సగమే తేలికైంది, నా దగ్గర ముచ్చట్లు నిండుకున్నాయి. గొంతు బొంగురుపోయింది. కాలు మూడోసారి లేచింది.

అప్పుడు సెక్రటరీ సారు ఫోన్ జేబులో వేసుకొని, బర్రె మెడ కింద చెయ్యి వేసి గీరుతూ, చాలా మెల్లగా అన్నారు. "ఆగే తల్లి, ఆగు. అయిపాయె. మాది హాలియా కాడ పల్లె. మా అమ్మ గూడ గిట్లనే ముచ్చట పెట్టేది. నేను పరీక్ష తప్పింది ఇంట్ల ఎవరికి చెప్పలె, బర్రెకు చెప్పుకున్న..." ఆయన నోట మా యాస మేము వినడం అదే మొదటిసారి. ఆయన చెబుతూనే ఉన్నారు, చేను అమ్మిన సంగతి, బర్రెలు పోయిన సంగతి. కలెక్టరమ్మ కళ్లు సగం మూసుకుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. (తోక తగిలింది. ఆ రోజు అందరికీ ఇదే చెప్పాను.)

పొదుగు ఖాళీ అయ్యాక కాక గల్లీ మధ్యలో నిలబడి బేరగానికి ఫోన్ చేసి, "అన్నా, రాకు" అని రెండే మాటలు చెప్పాడు. వాచిన పొదుగు పాలని వాటిని ఎవరూ తాగలేదు. అర్జీ మాట సారూ ఎత్తలేదు, మేమూ అడగలేదు. అవ్వ కట్టుతో ఆటో దిగి, ఇంట్లోకి పోకుండా ముందు కొట్టంలోకే పోయింది. లోపల చాలాసేపు ఉంది. ఏం చెప్పుకుందో మేము వినలేదు, వినడానికి చాలా ప్రయత్నించాం. కట్టు విప్పేదాకా రెండు పూటలా చీర నాదే. ఆ వీడియో అపార్ట్‌మెంటు గ్రూపులో నుంచి మా ఫ్యాక్టరీ మేనేజరు దాకా పోయింది. కొంతకాలం నన్ను ఆఫీసులో అవ్వా అని పిలిచారు. అప్పుడు ఉడుక్కున్నాను. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే బాగుండు అనిపిస్తుంది.

తరువాత చుట్టుపక్కల మేత దొరికే బీడు లేకుండా పోయింది. అవ్వ కలెక్టరమ్మను తీసుకొని కూతురు ఉండే పల్లెకు వెళ్లిపోయింది. కాక ఇంటి జాగా, కొట్టం జాగా కలిపి మరో అపార్ట్‌మెంటు లేచింది. పెళ్లయ్యాక నేను అందులోనే కిరాయికి దిగాను. కొట్టం ఉన్నచోట ఇప్పుడు బండ్లు పెట్టే జాగా ఉంది. సాయంత్రాలు ఒక్కోసారి బండి ఆపి ఊరికే అక్కడ నిలబడతాను. ఏదో ఒక ముచ్చట నోటిదాకా వస్తుంది, చెప్పడానికి ఎవరూ ఉండరు, నాలో నేనే నవ్వుకుంటాను. అంతలో వాచ్‌మన్ వచ్చి గుర్తుచేస్తాడు: అక్కడ సొంతదార్ల బండ్లే పెట్టాలి, కిరాయిదార్లవి గేటు బయట.