చెంప మీద తపాలా ముద్ర

"అన్నా, ఇది నేనే కదా?"

నగరి నుంచి తొలి బస్సుకు తిరుపతి వచ్చి, మా వరండాలో కూర్చుని, ఆమె నా ముందు ఒక కవరు పెట్టింది. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు. కవరు మూలన తపాలా బిళ్ళ. బిళ్ళ మీద నవ్వుతున్న ఆమె ముఖం, కింద 'క్షయ నయమవుతుంది' అన్న మాట. తపాలా ముద్ర నల్లగా ఆమె ఎడమ చెంప మీదుగా పోయింది.

కాదనడానికి వీల్లేదు. ఆ ఫోటో తీసింది నేనే.

"నూలు చుట్టే చేతులు మాత్రం పడతాయి, ముఖం పడదని నువ్వే చెప్పినావు గదన్నా. మా ఓనరు ఈ కవరు తెచ్చి అందరి ముందర నా చేతిలో పెట్టినాడు. 'పుత్తూరు కట్టు ఊపిరితిత్తులకు గూడా కడతారేమ్మా?' అని అడిగినాడు."

ఆమె ఒక మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టేది. క్షయ బయటపడినప్పుడు రెండు నెలలు ఇంట్లో ఉండిపోయింది. చెయ్యి విరిగిందని, పుత్తూరులో కట్టు కట్టించుకున్నానని ఓనరుకు చెప్పింది. మా వైపు ఆ మాట చెబితే ఎవరూ మారు ప్రశ్న వేయరు. డాక్టరు పరవాలేదన్నాక పనిలోకి వెళ్ళి, మందులు చివరిదాకా వాడి, పూర్తిగా కోలుకుంది. చిత్తూరులో దినపత్రికకు పనిచేసే రోజుల్లో ఆమె గురించి ఊరూ పేరూ లేకుండా రాశాను. షెడ్డులో ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె నన్ను నమ్మడానికి కారణం అదే.

నేను రిటైరై తిరుపతి చేరాక, తపాలా గుమాస్తాగా చేసి మానుకున్న ఒక మిత్రుడు తోడయ్యాడు. బిళ్ళలు సేకరించేవాళ్ళ సంఘానికి ఆయన కార్యదర్శి. మనం ఇచ్చిన బొమ్మతో తపాలా బిళ్ళలు ముద్రించి ఇచ్చే పద్ధతి ఒకటి ఉందని, క్షయ గురించి అలాంటివి వేయించి, అవగాహన సదస్సు ఆహ్వానాలకు అంటించి మగ్గాల షెడ్ల యజమానులకు పంపుదామని అన్నాడు. ఆ యజమానుల చిరునామాలు ఇచ్చింది కూడా నేనే.

బిళ్ళ కోసం ఆమెను ఒప్పించి రెండు ఫోటోలు తీశాను. ఒకటి చేతులది. రెండోది, పని అయిపోయాక దేనికో నవ్వితే తీసింది. "ఇది నీకాడే పెట్టుకో అన్నా" అంది. రెండూ ఒకేసారి మిత్రుడికి ఫోన్లో పంపి, చేతులది వాడమని నోటిమాటగా చెప్పాను.

తర్వాత మిత్రుడు బిళ్ళ నమూనా పంపాడు. అందులో అక్షరాలున్నాయి. బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. పత్రికలో మాకది మామూలే. అక్షరాలు ముందు చూసి పేజీ వదిలేస్తాం, ఫోటో చివర్లో వచ్చి కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళు అలా వదిలినవాణ్ణే కనుక ఆ రోజూ 'సరే' అని పంపాను. అచ్చయిన బిళ్ళలు మిత్రుడి ఇంటికి చేరాయి. ఆయనే అంటించి పోస్టు చేశాడు.

ఇప్పుడు ఆమె ముందే ఫోన్ చేస్తే మిత్రుడు పది నిమిషాల్లో వచ్చాడు.

"చేతులు ఆ బిళ్ళలో చీమలంత కనిపించినాయప్పా," అన్నాడు నన్ను చూస్తూ. "ముఖంలో నవ్వు చూస్తేనే కదా మనిషి బాగయిందని తెలిసేది?"

"ఆమెను అడిగినావా?"

"ఆయమ్మ ఒప్పుకుందని చెప్పింది నువ్వే కదబ్బా. దరఖాస్తులో అదే రాసిస్తిని. నమూనాకు సరే అన్నదీ నువ్వే."

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళ స్నేహంలో ఒక్క మాట అడగలేకపోయాడా అనిపించింది. కానీ ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ కోపం పనికొచ్చేది కాదు.

"మీరిద్దరూ సదువుకున్నోళ్ళు," అంది ఆమె. "షెడ్డులో ఆడోళ్ళు ఏమంటాండారో తెలుసా? ఈ బిళ్ళను నాలికతో తడిపి అంటించినోడికి ముందు మందులు ఇప్పించండి అంటాండారు."

ఆమె కవరు తీసుకుని లేచింది. ఉంచి వెళ్ళమని అడిగాను. ఇవ్వలేదు.

మర్నాడు, వైద్యం పూర్తయినట్టు ఆస్పత్రి ఇచ్చిన కాగితం ఆమె దగ్గర తీసుకుని ఆమెను పనిలోకి రానివ్వమని అడగడానికి షెడ్డుకు వెళ్ళాను. ఓనరు కుర్చీ వేసి టీ తెప్పించాడు. కాగితం మర్యాదగా చదివాడు.

"నయమైందని నాకు తెలుసు సార్. నాకేం భయం లేదు. ఆమె చుట్టిన కండె ముట్టుకోము అని మిగతావోళ్ళు అంటాండారు. కొన్నాళ్ళు పోనీండి, నేనే పిలుస్తా."

"ఎన్నాళ్ళు?" అని అడిగాను. మగ్గాల మోతలో వినబడనట్టు తల తిప్పుకున్నాడు.

సదస్సు అనుకున్న రోజునే జరిగింది. ఆ ఓనరు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఆమె రాలేదు.

నాలుగు నెలలైంది. ఆమె స్థానంలో ఇంకొకరు కండెలు చుడుతున్నారు. ఆమెను పనిలోంచి తీసేశామని ఓనరు చెప్పలేదు, రమ్మనీ పిలవలేదు.