అన్నం మానేసి బాన్సువాడ పోయిన మూడు రోజులు

డాక్టరు నా పొట్ట నొక్కి చూసి, "పది కిలోలు తగ్గి రండి, అప్పుడు ఆపరేషన్ చేస్తాను. ఈ కొవ్వు మీద కుట్లు వేస్తే నిలవవు," అన్నాడు. ఎనభైల మొదట్లో మాట ఇది. రెండో కాన్పు తర్వాత నా బొడ్డు పక్కన పేగు బయటికి తోసుకొచ్చింది. హెర్నియా అంటారు. అప్పటికి పదకొండేళ్లుగా దాని మీద బెల్టు బిగించుకుని తిరుగుతున్నాను. దగ్గితే భయం, తుమ్మితే భయం, బస్సు మెట్టెక్కితే భయం. పేగు మెలిపడితే ప్రాణం మీదికొస్తుందని ఆయన చెప్పిన దగ్గర్నుంచి ఆపరేషన్ చేయించుకోకపోతే ఒక భయం, కత్తి పడితే ఎట్లుంటుందోనని ఇంకో భయం.

నా బరువు తొంభై ఒకటి. అంతకుముందు రెండుసార్లు తగ్గుదామని మొదలుపెట్టి, రెండుసార్లూ నాలుగో రోజుకల్లా అన్నం గిన్నె ముందు కూర్చున్నదాన్ని. ఈ డాక్టరు పద్ధతి వేరు. అన్నం, రొట్టె, చక్కెర, బెల్లం, ఆలుగడ్డ, అరటిపండు అన్నీ బంద్. మాంసం, గుడ్లు, చేపలు, పెరుగు, ఆకుకూరలు తినొచ్చు. నెయ్యి కూడా తినొచ్చట. "నెయ్యి కూడానా?" అని నోరు తెరిచాను. "తినండి, అన్నంలో కాదు," అన్నాడు. అన్నం లేని నెయ్యి ఏం చేసుకోను, తలకు రాసుకోనా అని లోపల గొణుక్కున్నాను. "మొదటి మూడు రోజులే కష్టం. రెండో రోజు తల నొస్తుంది, ఎముకలు ఉడికించి ఉప్పేసిన బొక్కల చారు తాగండి. మూడు రోజులు దాటితే ఆకలి దానంతటదే అణుగుతుంది," అని పంపించాడు.

సరిగ్గా ఆ మూడు రోజులే బాన్సువాడలో మా అక్క ఇంట్లో తొట్టెల పండుగ వచ్చిపడింది. అక్క బిడ్డ పద్మ కాన్పుకు పుట్టింటికి వచ్చి మగపిల్లవాణ్ణి కన్నది. ఇరవై ఒకటో రోజు ఆదివారం, ఆ రోజు వాణ్ణి తొట్టెలలో వేస్తారు. "సోమవారం వచ్చినంక మొదలుపెట్టరాదు?" అన్నాడు మా ఆయన. "నా సోమవారాల సంగతి మీకు తెల్వదా?" అన్నాను. శనివారమే మొదలు.

శనివారం పొద్దున ఆరుంబావుకు కాచిగూడలో పాసింజరు ఎక్కాను. కామారెడ్డి దాకా టికెట్టు ఐదారు రూపాయలు. సంచిలో నాలుగు ఉడికిన గుడ్లు, ఒక సీసాడు మజ్జిగ ఉన్నాయి. ఎదురుబల్ల మీద ఒక కుటుంబం పులిహోర డబ్బా మూత తీసింది. ఆ చింతపండు వాసనకు నేను మేడ్చల్ దాటకముందే నాలుగు గుడ్లూ ఊదేశాను. మిగతా దారంతా కిటికీలోంచి గుట్టలు చూస్తూ మజ్జిగ చప్పరిస్తూ కూర్చున్నాను. రైలు అక్కన్నపేటలో ఎందుకో అరగంట నిలబడింది. కామారెడ్డి చేరేసరికి పదిన్నర.

బస్టాండుకు రిక్షాలో పోయాను. ఎల్లారెడ్డి మీదుగా బాన్సువాడ పోయే బస్సు పదకొండింటికి. ఈ దారిన పోదలచినవాళ్లు ముందుగానే వచ్చి కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవాలి, లేకుంటే రెండు గంటలు నిలబడాల్సిందే. నా పక్కన సీతాబాయి అనే లంబాడీ ఆమె కూర్చుంది. జుక్కల్ దారిలో వాళ్ల తండా. బస్సు కదలగానే కొంగుముడి విప్పి ప్యాలాలు నా చేతిలో పొయ్యబోయింది.

"వద్దమ్మా, అన్నం గిట్ల ఏం తింటలేను," అన్నాను.

"శనివారమా? ఒక్కపొద్దున్నవా?" అంది.

ఉపవాసమే అన్నట్టు నేను తల ఊపాను. చూడండి, అంతా అక్కడే చెడింది. ఆపరేషన్, బరువు, కొవ్వు అని ముక్కూమొహం తెలియని మనిషికి ఎక్కడ చెప్పేది అనుకున్నాను. ఎల్లారెడ్డిలో బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీ కిందికి ఉడికిన గుడ్ల బుట్ట వచ్చింది. ఉప్పుకారం చల్లి కాగితంలో పెట్టి ఇస్తున్నారు. నా చెయ్యి దానంతటదే బయటికి పోయింది.

సీతాబాయి ఆ చెయ్యి గబుక్కున పట్టుకుంది. "ఏందక్కా, ఒక్కపొద్దంటివి, గుడ్డు తింటవా? పాపం తాకుతది!" అని గుడ్లమ్మేవాణ్ణి తరిమేసి, తన సంచిలోంచి మూడు అరటిపండ్లు తీసి నా ఒళ్లో పెట్టింది. తినొచ్చన్నవి పోయాయి, తినకూడనివి ఒళ్లోకొచ్చాయి. ఇంటికి పోయాక దేవునికి పెట్టి తింటానని చెప్పి వాటిని సంచిలో దాచాను.

ఎల్లారెడ్డి దాటిన కొద్దిసేపటికి కాలువ నీళ్ల నేల మొదలవుతుంది. రోడ్డుకు రెండు వైపులా వరి నాట్లు, వాటి వెనక చెరుకు. గానుగల దగ్గర బెల్లం కాగుతున్న వాసన బస్సులోకే వచ్చింది. ఆకలితో ఉన్న మనిషి ఆ వాసనను తట్టుకోవడం కష్టం, నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఒంటిగంటకు బాన్సువాడలో దిగాను.

అక్క వాళ్లది వరి, చెరుకు పండించే ఇల్లు. ఆ ఇంట్లో మనిషికి ఇచ్చే మర్యాద అంతా అన్నంలోనే ఉంటుంది. వద్దంటే ఇంకో గరిటె పడుతుంది, చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే పడుతుంది. కాళ్లు కడుక్కోగానే అక్క కంచం పెట్టింది. "అన్నం మానేసిన అక్కా," అన్నాను.

"శనివారాలు పట్టినవా? మంచిగ చేసినవ్ చెల్లె!" అని కంచం తీసేసింది.

పుట్టి బుద్ధెరిగాక నన్ను బలవంతపెట్టకుండా కంచం తీసేయడం అదే మొదలు. ఆ హాయికి నా నోరు మూతబడింది. లావుగా ఉన్న మనిషి తగ్గడానికి తినడం లేదంటే పదిమంది నవ్వుతారు, దేవుని కోసం తినడం లేదంటే అదే పదిమంది దండం పెడతారు. నేను దేవుని చాటున నక్కాను, దాచడమెందుకు. కాని అక్క ఊరుకుంటుందా? పలారం పేరుతో సగ్గుబియ్యం ఉప్మా, బెల్లం కలిపిన అటుకులు, చెరుకు రసం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నీ డాక్టరు కొట్టేసినవే. గిన్నెడు పెరుగు, కీరకాయ ముక్కలతో రోజు గడిపాను.

ఆ ఇంటికి పెద్ద మా అక్క అత్తగారు, అందరికీ అవ్వ. డెబ్బై దాటిన మనిషి, ఎండు కట్టె వొళ్లు. పొద్దంతా ఒక చెయ్యి నడుము దగ్గర పెట్టుకుని ఇల్లంతా చక్కబెడుతూ ఉంటుంది. ఆదివారం పొద్దున నేను ఉప్మా వద్దంటే అక్క, "శనివారం ఒడిసె గదనే, ఇయాల ఎందుకు?" అని నిలదీసింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది.

"గది శనివారం ఒక్కపొద్దు కాదే, మొక్కు. పిల్లగాడు నెల తక్కువ పుట్టిండని, వాన్ని తొట్టెల్ల ఏసేదాక చిన్నమ్మ పట్టుకున్నది. మనకు చెప్తలేదు, గంతే."

పిల్లవాడు పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేడు. బరువు పెరుగుతాడా లేదా అని పద్మ మూడు వారాలుగా కుమిలిపోతోంది. వాడు పెరగాలి, నేను తగ్గాలి, అదీ మా ఇద్దరి బాధ. అవ్వ మాటకు పద్మ కండ్లు నిండాయి. "చిన్నమ్మా!" అని వచ్చి నా కాళ్లకు మొక్కింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను లేవదీశానే గాని నిజం చెప్పలేదు.

ఆ తర్వాత నా బతుకు చూడాలి. "మొక్కున్న మనిషి, నీసు వాసన తగలనీయకుండ్రి," అని అవ్వ హుకుం. మూడు యాటలు కోశారు. పెరట్లో పెద్ద గంజులలో కూర ఉడుకుతోంది. డాక్టరు చెప్పినట్టే తల పగిలిపోతోంది, దానికి మందు కూడా ఆ పెరట్లోనే మరుగుతోంది. నన్ను మాత్రం ముందటి అర్రలో ఊదుబత్తీల మధ్య కూర్చోబెట్టారు.

పదకొండున్నరకు అర్ర నిండా ఆడవాళ్లు. తొట్టెలకు పూలు కట్టారు. అవ్వ వెండి గిన్నెలో బెల్లమన్నం తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ల పొలంలో పండిన బియ్యం, వాళ్ల గానుగ బెల్లం, పైన వెన్న కాచిన నెయ్యి. "మొక్కు పట్టినదానివి, మొదటి ముద్ద నువ్వు తిని, పిల్లగాన్ని నీ చేతులతోని తొట్టెల్ల వెయ్యి. నువ్వు తిన్నంకనే అందరు తింటరు," అంది.

ముద్ద చేతిలోకి తీసుకున్నాను కూడా. ఒక్క ముద్దేగా అనిపించింది. ముందు రెండుసార్లూ నేను ఓడిపోయింది ఆ ఒక్క ముద్దకే. ఇప్పుడు ఇది తింటే మళ్లీ తొంభై ఒకటి, మళ్లీ బెల్టు, పేగు ఎప్పుడు మెలిపడుతుందో అని మళ్లీ ఎదురుచూపు. పైగా పద్మ నా మొహంలోకే చూస్తోంది, అబద్ధపు మొక్కుతో ఆ పిల్లవాణ్ణి ఎట్లా ఎత్తుకోను? ముద్ద గిన్నెలో పెట్టేసి లేచి నిలబడ్డాను.

"ఇది మొక్కు కాదవ్వా. డాక్టరు బరువు తగ్గమన్నడు, అందుకే అన్నం మానేసిన," అని కొంగు పక్కకు తీసి బెల్టు చూపించాను. "పదకొండేండ్ల సంది పేగు జారి ఉన్నది. పది కిలోలు తగ్గితెనే కోస్తనన్నడు. మాంసం తినమన్నడు, బెల్లం వద్దన్నడు. నిన్నటి సంది చెప్పలేక చస్తున్న."

ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క, "పదకొండేండ్లా? తోడబుట్టినదాన్ని, నాకు గూడ చెప్పవా?" అని ఏడుపందుకుంది. పద్మ మెల్లగా, "అయితె బాబుకు మొక్కలేదా చిన్నమ్మా?" అని అడిగింది.

"మొక్కలే బిడ్డా, తప్పయింది. కాని వాని ఏడుపు ఇను. గుక్కపట్టి పాలడుగుతుండు. గసుంటోనికి ఏం ఫికర్ లేదు," అన్నాను. పద్మ ఏడుస్తూనే నవ్వింది.

అవ్వ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. నా బెల్టు వంకే చూస్తూ నిలబడింది. దగ్గరికొచ్చి వేలితో దాని పట్టీ తాకి, "గిది యాడ దొరుకుతది?" అని అడిగింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "ఇగ ఏడ్పులు ఆపుండ్రి! బెల్లమన్నం నేను తింట. దానికి బొక్కల చారు తేండ్రి!" అని అరిచింది.

ఆ చారు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఉప్పు, మిరియాలు, కొత్తిమీర, పైన తేలుతున్న కొవ్వు. రెండు గిన్నెలు తాగేసరికి తలనొప్పి దిగింది. అన్నం లేకుండా ఒట్టి కూరే కడుపునిండా తిన్నాను. పిల్లవాణ్ణి తొట్టెలలో నేనే వేశాను, పద్మే వెయ్యమంది.

మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చాక అవ్వ నన్ను లోపలి అర్రలోకి పిలిచి తలుపు దగ్గరికేసింది. చీర కుచ్చిళ్లు సడలించి చూపించింది. నడుము చుట్టూ పాత చీర పేలిక, దాని కింద బొడ్డు మీద అదిమి కట్టిన ఒక పాత రూపాయి బిళ్ల. బిళ్ల తీస్తే పిడికెడంత పేగు బయటికొచ్చింది. పొద్దంతా ఆ చెయ్యి నడుము దగ్గర ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది.

"మీ బావ పుట్టిన ఏడు జారింది బిడ్డా. ఎవలకు చెప్తం? గడ్డిమోపు ఎత్తినప్పుడల్ల ఇగ పానం పోయిందనుకుంట. దీన్ని కోస్తరని గూడ నాకు తెల్వది," అంది. మా బావకు నలభై ఐదేళ్లు. నా పదకొండేళ్లు తలుచుకుని నాకే సిగ్గేసింది.

సోమవారం పొద్దున ఏడింటి బస్సు. అవ్వ సంచి పట్టుకుని నాతోపాటు బయల్దేరింది. పట్నం చూసొస్తానని ఇంట్లో చెప్పింది, బస్టాండు దాకా వచ్చిన మా బావకు నమ్మకం కుదరలేదు. "ఏమే అవ్వా, ఎన్నడు పోనిదానివి, పట్నంల ఏం పనే నీకు?" అన్నాడు.

అవ్వ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత బస్టాండులో పదిమంది వినేటట్టు, "నిన్ను కన్నప్పుడు పేగు జారిందిరా. కోపిచ్చుకోను పోతున్న," అంది.

బావ మొహం తెల్లబోయింది. మేము బస్సెక్కాం. కండక్టరు రైట్ అనబోతుంటే కిటికీ దగ్గరికొచ్చి, "నాకెందుకు చెప్పలేదే?" అని చిన్నగా అడిగి, మంగళవారం పొద్దుటికల్లా తానూ వస్తానన్నాడు.

కామారెడ్డిలో పదకొండు దాటాక రైలు దొరికింది. అవ్వ దారిలో జొన్నరొట్టె తిన్నది, నేను అక్క మూటగట్టి ఇచ్చిన వేపుడు తిన్నాను. మూడో రోజు సగం గడిచింది, నిజంగానే ఆకలి అణిగింది, ప్రాణం తేలిగ్గా ఉంది. బాన్సువాడ పోయేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. అక్కడి అన్నానికి, బెల్లానికి వంక పెట్టలేరు. తినలేని కారణం ఉంటే దిగీదిగగానే ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. అక్కడివాళ్లు ముందు నాలుగు మాటలంటారు, ఆ తర్వాత మీకేం కావాలో అదే వండి పెడతారు. రైలు మేడ్చల్ దాటుతుంటే అవ్వ నా మోచేయి తట్టింది.

"మీ డాక్టరు నన్ను గూడ అన్నం మానెయ్యమంటడా?"

"నీకు తగ్గనీకె ఏమున్నదవ్వా? నిన్ను ఈ వారమే కోస్తనంటడు."

"మరి నిన్ను?"

"పది కిలోలు తగ్గాలె. ఇంక మూడు నెలలు."

అవ్వ నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"అయితె నేనే ముందుగాల పోత. కత్తి పడితె ఎట్లుంటదో చూసొచ్చి నీకు చెప్త. నువ్వు భయపడకు బిడ్డా," అంది.