మంచులో జారిన గేదె

పాత కంప్యూటర్ వేడెక్కితే ఒక వాసన వస్తుంది. కాలిన దుమ్ము, పసుపెక్కిన ప్లాస్టిక్ కలిసిన వాసన. ఈమధ్య హెర్న్‌డన్‌లో ఒకాయన బేస్‌మెంట్ ఖాళీ చేస్తూ అమ్మకానికి పెడితే కొని తెచ్చుకున్న మెషిన్ స్విచ్ వేయగానే ఆ వాసన వచ్చింది, దాని వెనకే మూర్తి అంకుల్ మీద కోపమూ వచ్చింది. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ ఎప్పుడూ అనుకోలేదు.

నా పదకొండో ఏట మేం షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్లం. నాన్న గరాజ్ సేల్‌లో తెచ్చి నాకిచ్చిన కంప్యూటర్ కూడా ఇలాంటిదే. అది ఆయన పీసీలా నల్ల తెర మీద పచ్చ అక్షరాలు చూపించి ఊరుకునేది కాదు. వేల రంగుల్లో బొమ్మలు గీయనిచ్చేది, వాటిని కదిలించేది, చిన్న మైకు తగిలిస్తే మన మాటను పట్టుకుని కీబోర్డు మీద సరిగమల్లా వాయించుకోనిచ్చేది. బయట మోకాళ్ల లోతు మంచు, కిటికీ అద్దాలకి ఆవిరి, వంటింట్లోంచి ఇంగువ తాలింపు, హీటర్ గాలికి పగిలే నా పెదాలకి అమ్మమ్మ రాసే వెన్న, వీటన్నిటి మధ్యా ఆ చలికాలమంతా నేను మౌస్ పట్టుకుని ఆ తెర ముందే కూర్చున్నాను.

అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లె నుంచి ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చింది. కార్పెట్ మీద కాళ్లు చాపుకుని, ఊళ్లో వదిలొచ్చిన గేదె గురించే చెప్పేది. ఆ గేదె షామ్‌బర్గ్ వస్తే ఏమవుతుందని ఇద్దరం కలిసి కథ అల్లాం. గేదె బస్సు దిగుతుంది, మంచును చూసి ఉప్పనుకుని నాకుతుంది, గడ్డకట్టిన చెరువు మీద నాలుగు కాళ్లూ నాలుగు వైపులకి జారి చతికిలబడుతుంది. అప్పుడు అమ్మమ్మ గొంతు, "ఓసి నీ మొహం మండా, లెగవే! అందరూ చూస్తన్నారు!" ఆ తిట్టును నేను కీబోర్డు మీద సన్నగా, బొంగురుగా, రాగం తీస్తూ వాయిస్తే అమ్మమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వేది. నిమిషం కూడా ఉండని ఆ సినిమాకి, ఒక్కో కదలికకీ ఒక్కో బొమ్మ గీస్తూ పోతే, చలికాలం మొత్తం పట్టింది. తెలుగు సంఘం వాళ్లు ఉగాది కార్యక్రమంలో వేస్తామన్నారు. అమ్మమ్మ ఫోన్ చేసి బంధువులందరికీ చెప్పుకుంది.

ఆ రోజుల్లో శనివారం విందులంటే ఆడవాళ్లు అల్యూమినియం ట్రేలలో పులిహోర సర్దుతుంటే మగవాళ్లు బేస్‌మెంట్‌లో చేరి ఫ్లాపీల మీదికి ప్రోగ్రాములు కాపీ చేసుకోవడం. ఉగాదికి వారం ముందు ఆ విందు మా ఇంట్లో జరిగింది. మూర్తి అంకుల్, నాన్న స్నేహితుల్లో అందరికంటే పెద్ద ఇంజినీర్, ఖాళీ ఫ్లాపీలు చాలక నా అరలోంచి సినిమా ఉన్నదీ, దాని కాపీ ఉన్నదీ రెండూ తీశాడు. వాటి మీద నా పేరుంది. ఎవరూ చెరపకుండా మూలనున్న చిన్న మీట జరిపి ఉంచాను కూడా. దాన్ని గోటితో వెనక్కి తోశాడు. నా కంప్యూటర్‌లో రాసింది నాన్న పీసీకి అర్థం కాదు. పీసీ చదవలేదు కాబట్టి అందులో ఏమీ లేనట్టేనని తేల్చుకుని, ఉన్నదంతా చెరిగిపోయేలా రెండింటినీ ఫార్మాట్ చేసేశాడు.

నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. అంకుల్ గుత్తి వంకాయ నములుతూ, "ఖాళీ ఫ్లాపీలేనమ్మా, మెషిన్ రీడ్ చెయ్యనే లేదు. గేమ్స్ కోసం ఇంత ఏడుపా?" అన్నాడు. నాన్న నా చెయ్యి పట్టి లాగి, "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది? అంకుల్‌కి సారీ చెప్పు" అన్నాడు. చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉగాది నాడు స్కూల్ జిమ్‌లో మడత కుర్చీలు వేశారు. మామిడికాయ దొరక్క పుల్ల యాపిల్ వేసిన పచ్చడిని కాగితపు కప్పుల్లో పంచారు. సినిమా పోయిందని ఎంత చెప్పినా అమ్మమ్మ నమ్మలేదు. "పెట్టెలో దాచింది ఎట్టా పోద్దే?" అంటూ పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని ముందు వరసలో కూర్చుంది. నా సినిమాకి ఇచ్చిన సమయంలో మూర్తి అంకుల్ కంప్యూటర్ల భవిష్యత్తు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. "మనదెప్పుడే?" అని అమ్మమ్మ చివరిదాకా అడుగుతూనే ఉంది. ఎండలు ముదరకముందే ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ గొంతు ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు అంకుల్ మాకు దగ్గర్లోనే ఆష్‌బర్న్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఎనభయ్యో పుట్టినరోజు చేస్తున్నామని ఆ కొడుకు ఫోన్ చేశాడు. "నాన్న లైఫ్ మీద ఒక వీడియో ఎడిట్ చేసిస్తావా, ప్లీజ్? నీ జాబే అది కదా" అన్నాడు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. శ్రద్ధగానే చేశాను, పెళ్లి ఫొటో, మొదటి కారు, మనవళ్ల మాటలు. షామ్‌బర్గ్ రోజులు రావలసినచోట మాత్రం, గేదె సినిమా ఎంతసేపుండేదో అంతసేపూ నల్లతెర పెట్టాను. బొమ్మ లేదు, శబ్దం లేదు.

మొన్న శనివారం హాల్లో ఆ చీకటి రాగానే గుసగుసలు మొదలయ్యాయి. అంకుల్ చేతికర్ర ఊతంతో లేచి నా దగ్గరికొచ్చాడు. "అయ్యో, ఏమైందమ్మా? అంతా పోయిందా?"

"పోయింది అంకుల్. ఇక్కడ మా అమ్మమ్మ గొంతు ఉండాలి. షామ్‌బర్గ్‌లో మా ఇంట్లో మీరు ఫార్మాట్ చేశారు."

నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. అంతలో తెర వెలిగింది, చిన్న మనవరాలు "హ్యాపీ బర్త్‌డే తాతా" అంది, ఆయన అటు తిరిగాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నిలబడి, మా సినిమా ఎలా ముగిసేదో గుర్తుచేసుకోబోయాను. గేదె పడేదాకా గుర్తుంది. లేచిందో లేదో గుర్తు లేదు.