గట్టు దగ్గర ఆగిన లాంతర్లు

పెద్దతిమ్మప్ప ఇప్పటికీ ఎద్దుల వెనక నడిచినట్టే నడుస్తాడు. కుడి భుజం కాస్త వంగి ఉంటుంది, పిడికిలి నాగలి మేడి పట్టుకున్నట్టే బిగిసి ఉంటుంది. సోలార్ పార్కుకు లీజుకిచ్చిన తన వేరుశనగ చేనులోనే అతనిది కాపలా పని. కంపెనీవాళ్లు ఆ చేనునూ పక్కనున్న నల్లమ్మ చేనునూ కలిపి చదును చేసి, చిన్న విమానం దిగడానికి పొట్టి మట్టి రన్‌వే వేశారు. విమానం ఎప్పుడూ పగలే వచ్చేది. ఒక్క రాత్రి మాత్రం, షాకు కొట్టి ఒళ్లు కాలిన ఇంజనీరు దర్శన్‌ను బెంగళూరు తీసుకుపోవడానికి వచ్చింది. రన్‌వే పొడవునా రెండు అంచులకూ లాంతర్లు పెట్టమని పెద్దతిమ్మప్పకు చెప్పారు. అతను పెట్టాడు. విమానం దీపాల మీదికి దిగి, నేల తాకకుండానే మళ్లీ లేచింది. రెండోసారీ అంతే. తర్వాత వెనక్కి వెళ్లిపోయింది.

సూపర్‌వైజర్ శ్రీనివాస ఫోన్ పెట్టేసి వచ్చాడు. "దీపాలు సగానికే ఉండాయంట. అంత చిన్నదాంట్లో దిగితే ఆగదంట. మిగతావి యాలప్పా పెట్టలేదు?"

మిగిలిన లాంతర్లు తోపుడుబండిలోనే ఉన్నాయి. "ఆడ నుంచి నల్లమ్మ చేను కదప్పా," అన్నాడు పెద్దతిమ్మప్ప.

దర్శన్‌ను జీపులో బెంగళూరుకు బయలుదేరదీశారు. దారిలో మధుగిరి చేరకముందే అతను పోయాడు. పెద్దతిమ్మప్పను ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు రన్‌వే మీదా సోలార్ పలకలే. వాటిని తుడిచే పని అతనిదే. వరస చివరిదాకా పోవాలని రోజూ అనుకునే బయలుదేరతాడు. రెండు చేల మధ్య ఎప్పుడో చదునైన గట్టు ఉన్న చోటికి రాగానే కాళ్లు వాటంతటవే వెనక్కి మళ్లుతాయి.