ముందు చేతులకి

సబా అల్ సలేంలో ఇంటిపని చేసే అక్క, చలికాలంలో సెలవు దొరికిన శుక్రవారం ఖైతాన్‌లోని మా గదికి వచ్చేది. చలికి మసాలాలు వేసి కాచుకునే వైన్ చేద్దామంటే, కువైట్‌లో వైన్ నిషేధం. అందుకని సీసా ద్రాక్షరసంలోనే లవంగాలు, దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి కాచేది. మాకు పోసి, తన గ్లాసును మాత్రం బ్లీచింగ్ నీళ్లకు పగిలిన రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది.

“చల్లారిపోతోంది, తాగక్కా,” అనేదాన్ని.

“ఉండమ్మా. వారమంతా చేసింది ఇయ్యే కదా. ముందు ఈటికి.”

పూర్తిగా చల్లారాకే తాగేది.

ఒక శుక్రవారం ఆమె గ్లాసు పట్టుకుందో లేదో, చుట్టాలొచ్చారని, తను ‘మామా’ అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు కారు పంపింది.

“మామా పిలిచింది,” అంటూ అక్క లేచింది. నిండు గ్లాసు గట్టు మీద పెట్టి మెట్లు దిగిపోయింది.

గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది. ఆవేళ నోటి వంతు రానేలేదు.