మిగతావాళ్ళు ఎప్పుడొస్తారండీ?

ఆ రోజుల్లో తెనాలిలో మనిషి ఒంటరిగా చేసే పనులు చాలా తక్కువగా ఉండేవి. సినిమాకి నలుగురం కలిసి వెళ్ళేవాళ్ళం, క్షవరానికి కూడా ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. హోటల్లో ఎవడైనా ఒక్కడే కూర్చుని కాఫీ తాగుతుంటే పక్క బల్ల పెద్దాయన ఊరుకోలేక, “ఏం బాబూ, ఇంట్లో ఏమన్నా గొడవా?” అని అడిగేసేవాడు. అలాంటి ఊళ్ళో నేను సోలో గాయకుణ్ణి అవుదామనుకున్నాను. అంటే నా పాట నేనే రాసుకుని, నేనే బాణీ కట్టుకుని, నేనే వాయించుకుంటూ నేనే పాడతానన్నమాట. నేనే వినాల్సి వస్తుందని మాత్రం అప్పుడు తోచలేదు.

అప్పటిదాకా నేను మా బావ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాణ్ణి. బావంటే మా మేనత్త కొడుకు. పెళ్ళిళ్ళకీ పందిళ్ళకీ సినిమా పాటలు పాడించే బృందం ఒకటి నడిపేవాడు. (నేను వాయించేవాణ్ణని నా అభిప్రాయం. “వీడు మధ్యమధ్యలో నొక్కుతుంటాడు” అని వాడి అభిప్రాయం.) అంతా సాఫీగా సాగుతుండగా మద్రాసులో చదివే స్నేహితుడొకడు సెలవులకి వస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. అందులో ఎవరో విదేశీ గాయకుడు పియానో ముందు కూర్చుని, గొంతు చించుకుని, తన పాట తనే పాడుతున్నాడు. దాన్ని రాక్ అంటారట. చీటీ చిరిగిపోయింది కాబట్టి ఆయన పేరు తెలియలేదు. ఒక గుంపులో పాడుతూ పాడుతూ ఓ రోజు దాన్ని వదిలేసి ఒంటరిగా బయటికొచ్చేశాడని మాత్రం స్నేహితుడు చెప్పాడు. ఆ మాట నా బుర్రలో పడిపోయింది. టేపురికార్డరు అరిగేదాకా విన్నాను. మా నాన్నగారు వరండాలోంచి, “ఒరేయ్, వాడెవడో గానీ డాక్టరుకి చూపించమనరా,” అనేవారు. ఆ నెలాఖరుకి నేను బావ దగ్గరికెళ్ళి ఆర్కెస్ట్రా మానేస్తున్నానని చెప్పాను. వాడు బాధపడతాడనుకున్నాను. “మంచిదిరా, వ్యానులో చోటు కలిసొస్తుంది,” అన్నాడు.

పియానో అంటారా, అది బాపట్లలో దొరికింది. అక్కడ మా పిన్ని వాళ్ళ ఇంటి వెనకాల చర్చి ఆవరణలో, రిటైరైపోయిన టీచరమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ వసారాలో ఎప్పటిదో ఒక పియానో. శనివారం మధ్యాహ్నాలు రైలెక్కి వెళ్ళి దాని ముందు కూర్చునేవాణ్ణి. ఇంట్లో నాన్నగారికి వినపడేలా పాడే ధైర్యం లేక సాధనంతా అక్కడే. “నెమ్మదిగా వాయించు బాబూ. అదీ ముసలిదే, నేనూ ముసలిదాన్నే,” అనేది ఆవిడ. సముద్రపు గాలికి చెమ్మ పట్టి ఆ పియానోలో కొన్ని మెట్లు నొక్కితే కిందికి పోయేవి గానీ పైకి వచ్చేవి కావు, పలికేవీ కావు. మన లెక్కలో చెప్పాలంటే మధ్యమం, నిషాదం మూగవైపోయాయి. ఏం చేస్తాం? ఇంట్లో ఉన్న కూరలతోనే వంట చేసుకున్నట్టు, పలికే మెట్లతోనే నా పాట కట్టుకున్నాను. “తలుపులు తియ్యండి! ఎండొచ్చి వాకిట్లో నిలబడింది, తలుపులు తియ్యండి!” అని పల్లవి. లోకంలోని తలుపులన్నీ యువతరానికి తెరవాలని దాని భావం. చివర్లో “తియ్యండీ...” అని గుండెల్లో గాలి అయిపోయేదాకా అరవాలి. బావకి వినిపిస్తే, “పాలవాడు పాడుకోవడానికి బాగుంటుందిరా,” అన్నాడు.

మా నాన్నగారు లెక్కల మాస్టారు. బళ్ళో అర మార్కు కూడా ఊరికే వేసే మనిషి కాదు. డిగ్రీ పాసైన కొడుకు ఉద్యోగం వెతుక్కోకుండా జుట్టు పెంచుతుంటే ఎంత కోపం రావాలో అంత వచ్చింది. అయినా కేకలెయ్యకుండా, లెక్క ఇచ్చినట్టు ఒక షరతు ఇచ్చారు. “వచ్చే శ్రీరామనవమి దాకా నీ ఇష్టం. ఈలోగా నీ సొంత పాటని ఎవరైనా ఒక్కసారి విని, తమంతట తాము మళ్ళీ పాడమని అడిగితే, ఇక నీ జోలికి నేను రాను. అడగకపోతే మీ మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. సరేనా?” సరేనన్నాను. అది చాలా సులువైన షరతనిపించింది. ఎరువుల కొట్టు వాసన మాత్రం ఆ రోజు నుంచే ముక్కుకి తగలడం మొదలుపెట్టింది.

రాక్ గాయకుడికి తోలుకోటు ఉండాలి. తెనాలిలో తోలుకోటు కుట్టేవాళ్ళు లేరు. స్కూటరు సీట్లకి కవర్లు కుట్టే ఆయన దగ్గరికెళ్తే, నల్ల రెక్సిన్‌తో కుట్టిపెట్టాడు. చాలా గట్టిగా వచ్చింది. చెయ్యెత్తితే కిర్రుమనేది, వేసుకుని కాసేపు కూర్చుంటే లోపల ఇడ్లీ ఉడికినట్టు ఉడికేది. జుట్టు సంగతి ఇంకోటి. భుజాల దాకా పెంచాను. దాన్ని చూసి నేను తిరుగుబాటుదారుణ్ణని ఒక్కరూ అనుకోలేదు. “మొక్కు ఎప్పుడు తీరుస్తున్నావు నాయనా?” అని వీధిలో ముసలమ్మలంతా ఆప్యాయంగా అడిగేవాళ్ళు. తిరుపతి ఎప్పుడెళ్తున్నానో చెబితే ఇంటికి ప్రసాదం పంపమని కూడా చెప్పేవాళ్ళు.

మొదటి కచేరీ తెనాలిలోనే, తెలిసినవాళ్ళ పెళ్ళి రిసెప్షన్‌లో. కీబోర్డు సర్దుకుని, కోటు వేసుకుని వేదికెక్కాను. పెళ్ళికూతురి తండ్రి వచ్చి మంచినీళ్ళిచ్చి, “మిగతావాళ్ళు ఎప్పుడొస్తారండీ?” అన్నాడు. మిగతావాళ్ళు లేరండి, నేనొక్కణ్ణే, సోలో అన్నాను. ఆయన జాలిగా నా భుజం తట్టి, “పర్లేదు బాబూ, బస్సులు అలాగే ఉన్నాయి. వచ్చాకే మొదలెడుదురుగాని,” అని వెళ్ళిపోయాడు. అలా లేని మిగతావాళ్ళ కోసం నేను కూడా ఎదురుచూశాను. చివరికి పాట ఎత్తుకునేసరికి భోజనాలకి పిలుపొచ్చింది. “తలుపులు తియ్యండి” అని నేను అరుస్తుంటే ఎవరో వెళ్ళి నిజంగానే భోజనశాల తలుపులు తీశారు. హాలు ఖాళీ అయిపోయింది.

తర్వాత బాపట్లలో ఒక కాలేజీ వార్షికోత్సవం. అక్కడ కుర్రాళ్ళు కదా, అర్థం చేసుకుంటారనుకున్నాను. సెక్రటరీ కుర్రాడు, “అన్నా, మిగతావాళ్ళు?” అని అడిగినప్పుడు నవ్వి మైకు దగ్గరికి నడిచాను. మొదటి చరణం సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకు పోయింది, దాంతోపాటు కీబోర్డూ పోయింది. పియానో అయితే కరెంటు అడగదు గదా అని ఆ క్షణంలో టీచరమ్మ వసారా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఈలోగా మిమిక్రీ చేసేవాడొకడు మైకు లేకుండానే కుక్కలా మొరిగి, కుక్కరులా కూసి జనాన్నంతా లాగేసుకున్నాడు. కరెంటు వచ్చాక కూడా మళ్ళీ మొరగమనే అడిగారు వాళ్ళు, వాణ్ణే. రెండోసారి అడిగించుకోవడం కుక్కకి కూడా సాధ్యమేనని ఆ సాయంత్రం తెలిసింది.

చూస్తుండగానే శ్రీరామనవమి వచ్చేసింది. బావ తప్ప నా పాటని ఒక్కసారి పూర్తిగా విన్నవాళ్ళే లేరు, ఇక రెండోసారి అడిగేవాళ్ళెక్కడ? మావయ్య అప్పటికే కొట్లో నాకో కుర్చీ వేయించాడని కబురొచ్చింది. ఎంత వెక్కిరించినా బావ బావే. ఆఖరి నిమిషంలో రేపల్లెలో ఒక నవమి పందిరి కుదిర్చాడు. “నాటకం మొదలయ్యేలోపు కాసేపు పాడుకో. తోడు నేనూ వస్తాను,” అన్నాడు. ఆ సాయంత్రం అక్కడ పౌరాణిక పద్య నాటకం ఉంది. మేం బస్సులో ముందే చేరాం. నాటకం వాళ్ళు ఎక్కిన రైలు వేమూరులో ఆగిపోయిందట. జనం మాత్రం పానకం తాగేసి, చాపలు పరుచుకుని, ముందు వరసలో స్థలాల కోసం చిన్న చిన్న గొడవలు కూడా పూర్తిచేసుకుని సిద్ధంగా కూర్చున్నారు.

పందిరి కమిటీ ప్రెసిడెంటు గారు నన్ను కిందినుంచి పైకి చూశారు. భుజాల దాకా జుట్టు, నల్లగా మెరిసే కోటు. ఆయన మొహం విప్పారింది. “వేషగాళ్ళలో ఒకరన్నా అందారు, అదే పదివేలు. సొంత జుట్టే! విగ్గుతో పనే లేదు. మిగతావాళ్ళు వచ్చేలోపు నువ్వో పద్యం అందుకో బాబూ,” అన్నారు. నేను నాటకం మనిషిని కాదండి అని చెప్పబోయాను. బావ నా పాదం తొక్కాడు. వేదికెక్కాను.

ఇక్కడ మా వైపు పద్ధతొకటి చెప్పాలి. పద్య నాటకంలో పద్యం నచ్చితే జనం “వన్స్ మోర్” అంటారు. అంటే నటుడు కథ ఎక్కడున్నా సరే ఆపేసి, ఆ పద్యం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాలి. యుద్ధంలో పడి చచ్చిపోయినవాడైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్ళీ చావాలి. అడగనిదే పాడితే అది గర్వం, అడిగాక పాడకపోతే అది నేరం.

నేను కళ్ళు మూసుకుని నా పాట మొదలుపెట్టాను. ఎవరూ లేవలేదు. కరెంటు పోలేదు. చివర “తియ్యండీ...” అని ఎత్తుకుని, ఇదే ఆఖరిసారి కదా అన్న దిగులుతో, ఎప్పుడూ లేనంత పొడుగ్గా లాగాను. కోటు కిర్రుమంది. ఆపాక చప్పట్లు పడలేదు. అయిపోయింది, ఎరువుల కొట్టే అనుకున్నాను. అప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన తలపాగా సర్దుకుంటూ లేచి, “వన్స్ మోర్!” అన్నాడు. వెనకనుంచి పదిమంది అందుకున్నారు. “మోహన రాగం ఎంత బాగా పట్టాడయ్యా!” అంటున్నారెవరో. “ఇది ఏ నాటకంలోది బాబూ? ద్వారపాలకుల ఘట్టమా?” అని ఇంకొకాయన.

మోహన! ఆ ముసలి పియానోలో మూగవైన మెట్లు తీసేస్తే మిగిలేది మోహన రాగమేనని నాకు ఆ వేదిక మీద తెలిసింది. “కాదండీ, ఇది నా సొంత పాటండి. రాక్,” అన్నాను మైకులో. “ఏదైతేనేంలే, ఈసారి రాగం ఇంకాస్త సాగదియ్యి అబ్బాయ్!” అన్నాడు తలపాగా పెద్దాయన. పాడాను. మళ్ళీ వన్స్ మోర్. మళ్ళీ పాడాను. నాలుగోసారి “తలుపులు” అనేసరికి గొంతులోంచి గాలి తప్ప ఇంకేం రాలేదు. సరిగ్గా అప్పుడే నాటకం వాళ్ళు పెట్టెలతో దిగారు. కృష్ణుడు వేసే ఆయన నన్ను చూసిన చూపు రాయబారానికి వచ్చినవాడి చూపులా లేదు, యుద్ధానికే వచ్చినట్టుంది.

ఇంటికి చేరేసరికి నాన్నగారు వరండాలో ఉన్నారు. బావ గుమ్మంలోంచే, “మావయ్యా, రేపల్లెలో వీడికి వన్స్ మోరులు కొట్టారు! మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు!” అని అరిచాడు. నాన్నగారి మొహంలో సంతోషం నేను స్పష్టంగా చూశాను. నేనేమో అభిమానం దెబ్బతిని ఉడికిపోతున్నాను. “వాళ్ళు అది పద్యమనుకున్నారు నాన్నగారూ. అది లెక్కలోకి రాదు,” అని గుసగుసగా అన్నాను. గుసగుస తప్ప గొంతు లేదు.

“నేనడిగిన ప్రశ్నకి జవాబొచ్చిందా, లేదా?”

“వచ్చింది, కానీ...”

“ఏ పద్ధతిలో చేశావని నేనడగలేదురా,” అన్నారాయన. జీవితంలో ఎవరికీ ఊరికే మార్కు వెయ్యని మనిషి ఆ రోజు పేపరు దిద్ది నా చేతిలో పెడుతున్నాడు. తర్వాత కాస్త తటపటాయించి, “ఏదీ, ఒకసారి పాడు,” అన్నారు. నోరు తెరిచాను. గాలి వచ్చింది. “సరే, గొంతు రానీలే,” అన్నారు.

అమ్మ మిరియాల కషాయంతో గొంతు త్వరగానే వచ్చింది. పౌరుషం మాత్రం తగ్గలేదు. రాక్‌ని పద్యమనుకునే జనం మెచ్చుకుంటే ఎంత, మెచ్చుకోకపోతే ఎంత అనుకున్నాను. నవమి పందిళ్ళవాళ్ళు పద్యాలు పాడమని కబురు పెడితే రానన్నాను. పాసైన పరీక్షలో నా అంతట నేనే తప్పి, జుట్టు కత్తిరించుకుని, మావయ్య కొట్లో కూర్చున్నాను. (జుట్టు పోగానే వీధి ముసలమ్మలు ప్రసాదం అడిగారు.) మావయ్య కూడా ఆశ్చర్యపోయాడు. అంత బింకం ఎవరి మీదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ రోజుల్లో నాన్నగారు సాయంత్రం పూట నా గది కిటికీ పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతుండేవారు. అది పొద్దున్నే చదివేసిన పేపరు. చాలాసేపటికి గానీ పేజీ తిరిగేది కాదు. ఈయనకి చూపు మందగిస్తున్నట్టుందని అనుకుని నేను సైకిలెక్కి బజారుకి పోయేవాణ్ణి. ఆయన ఏదైనా ఒక్కసారే అడిగే మనిషి. మళ్ళీ అడగలేదు, నేనూ పాడలేదు. ఇప్పుడు ఆయన లేరు, నా వయసు ఆయన అప్పటి వయసుని ఎప్పుడో దాటేసింది. రేపల్లెలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు గొంతు పోయేదాకా పాడించుకున్న పాటని మా నాన్నగారు ఒక్కసారి కూడా వినలేదు. ఆ రెక్సిన్ కోటు కుర్రాడి పౌరుషం తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వాక మాత్రం కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు.